తుపాకి ఇంట్లో లేని రెండు నెలలు

ప్రత్తిపాడు,
21-1-1962, ఆదివారం.

పూజ్యులు అత్తయ్యగారు రమణమ్మగారికి, మీ అల్లుడు చలమయ్య అక్క వెంకటేశ్వరమ్మ నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ మేము కులాసా. మార్టూరులో మీరూ, మామయ్యగారూ, పార్వతీ, పసిదీ కులాసా అని తలుస్తాను. పిల్లకు మెడ నిలబడిందా? బోర్లా పడుతోందా? బోర్లా పడితే బొబ్బట్లు పంచుతారు కదా, నా వాటా మర్చిపోకండి.

ఉత్తరం నా దగ్గర్నుంచి అని చూడగానే మీరు మూతి ముడుచుకుని ఉంటారు. ముడవండి, తప్పులేదు. ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు పెద్దలు. ఆ సగంలో నేనేమీ తక్కువ చెయ్యలేదు. పార్వతి కాపరానికి వచ్చిన కొత్తలో పులుసులో ఉప్పు ఎక్కువైందని పదిమందిలో అన్నాను. మీరు పెట్టిన సారెలో అరిసెలు రాళ్ళలా ఉన్నాయని వీధంతా చాటాను. అవి నిజంగానే గట్టిగా ఉన్నాయి లెండి, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ నాది నోటి చెడ్డతనమే. పార్వతి మీద నాకు కోపం ఎప్పుడూ లేదు. ఆ పిల్ల వచ్చాకే ఈ ఇంట్లో నాతో కలిసి కూర్చుని అన్నం తినే మనిషి ఒకరు దొరికారు.

నా బతుకు మీకు తెలిసిందే. మా ఆయన సన్యాసుల్లో కలిసిపోయి పద్నాలుగేళ్ళయింది. పోయాడన్న కబురు లేదు కనక నుదుట బొట్టు ఉంది. వస్తాడన్న ఆశ లేదు కనక తమ్ముడి పంచన పడి ఉన్నాను. తమ్ముడి అన్నం తింటూ తమ్ముడి మీదే రాస్తున్నానని మీరు ఆశ్చర్యపోవచ్చు. ఇంటిగుట్టు లంకకు చేటు అంటారు. వస్తే రానివ్వండి ఆ చేటు.

అసలు సంగతికి వస్తాను. ఐదో నెల దాటకముందే పార్వతిని, పిల్లను పంపమని చలమయ్య మీకు కబురు చేస్తాడు. పంపకండి అత్తయ్యగారూ. ఏదో ఒక వంక చెప్పండి. వచ్చే నెల అష్టగ్రహ కూటమి అనీ, లోకం మునిగిపోతుందనీ ఊరూరా హోమాలు చేస్తున్నారు కదా. పసిపిల్లతో ప్రయాణం మంచిది కాదని సిద్ధాంతిగారు చెప్పారని అనండి. అది గడిచాక పిల్లకు జ్వరమనండి. ఆ తరవాత ఎండలనండి. అబద్ధాలకు కరువేముంది, మనం ఆడవాళ్ళం.

ఎందుకో రాస్తాను. మా నాన్న నాటి ఒంటిగొట్టం తుపాకి మా ఇంట్లో ఉన్న సంగతి మీకు తెలుసు. మామయ్యగారు సంబంధం కోసం మా ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసి, ఇల్లంటే ఇలా ఉండాలి అని మురిసిపోయారు కూడా. కల్లంలో మిరపకాయలు ఎండేటప్పుడు దొంగల భయమని దానికి లైసెన్సు. ఎలక్షన్లు వస్తే ఆ లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోవాలట. ఓట్ల లెక్క అయ్యాక రసీదు చూపించి తెచ్చుకోవాలి. ఈ జనవరి మొదట్లో చలమయ్య దాన్ని తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు.

ఆ రోజు నుంచి మనిషి వెన్నముద్ద అయిపోయాడు. అక్కా తిన్నావా అంటాడు. పిల్లకోసం మంగళగిరి నుంచి మెత్తటి నేత గుడ్డ తెప్పించాడు. వడ్రంగి చేత ఉయ్యాల చేయిస్తున్నాడు. పోయిన వారం మీ ఇంటికి వచ్చి పిల్లను ఎత్తుకుని ఏడ్చాడని కూడా విన్నాను. ఊళ్ళో అందరూ ఒకటే మాట, బిడ్డ మొహం చూశాక చలమయ్య మారిపోయాడు అని. మీరూ అలాగే అనుకుని ఉంటారు. నేను ఈ ఇంట్లో ఉంటున్నాను కాబట్టి చెబుతున్నాను. వాడు మారలేదు. గోడ మీద తుపాకి లేదు, అంతే.

గోడ మీద ఉన్నప్పటి సంగతి పార్వతి మీకు చెప్పి ఉండదు. వారానికోసారి తుపాకి దించి శుభ్రం చేస్తాడు. ఆ సేపంతా పార్వతి ఎదురుగా కూర్చోవాలి. పొయ్యి మీద అన్నం మాడుతున్నా లేవకూడదు. నీళ్ళ దగ్గర ఎవరితో మాట్లాడావు, గాజులమ్మే ఖుర్షిదా అంతసేపు ఏం చెప్పింది, మీ అమ్మకు ఏం కబురు పెట్టావు అని అడుగుతూ గొట్టం తుడుస్తాడు. గొంతు పెంచడు. పక్కింటివాళ్ళకు వినపడేది ఆలుమగల కబుర్లే. మీ ఉత్తరాలకు పార్వతి జవాబు రాయదని మీరు బాధపడ్డారు. మీ ఉత్తరాలు ఆ పిల్ల చేతికి వస్తేగా! పొయ్యిలో సగం కాలిన కార్డు మీద మీ చేతిరాత నేను చూశాను.

పెరట్లో ఒక మచ్చల కుక్క ఉండేది. పార్వతి చేతి అన్నం తిని ఆ పిల్ల వెనకే తిరిగేది. ఒక సాయంత్రం పిచ్చెక్కిందని చెప్పి కాల్చేశాడు. దానికి పిచ్చి లేదు. కాల్చి లోపలికి వచ్చి కాళ్ళు కడుక్కుని, ఇంక నీకు నేనొక్కడినే అన్నాడు పార్వతితో. నువ్వు లేకపోతే నేను బతకను, నేను లేకుండా నిన్ను బతకనివ్వను అని కూడా అంటుంటాడు. ఆ మాట విని మా వీధి ఆడవాళ్ళు ఎంత ప్రేమో అని బుగ్గలు నొక్కుకున్నారు. వాళ్ళతోబాటు నేనూ నొక్కుకున్నాను. సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను.

ఇంకొకటి. నెలలు నిండకముందు పార్వతి మీ ఇంటికి వచ్చినప్పుడు మెడచుట్టూ పైట చుట్టుకుని ఉంది. చెమటకాయలని మీతో చెప్పిందట. అవి వేళ్ళ గుర్తులు. చెంపమీద కొట్టే మొగుళ్ళను మనం ఊరినిండా చూశాం. అదొక లెక్కా అనుకున్నాం, అదీ మన తప్పే. గొంతు పట్టుకున్నవాడి సంగతి వేరు అత్తయ్యగారూ. ఇవాళ పట్టి వదిలాడు. రేపు వదులుతాడని నేను చెప్పలేను.

మొదటి భార్య నాంచారమ్మ సంగతి మీకు సంబంధం మాట్లాడేటప్పుడే చెప్పాం. తుపాకి శుభ్రం చేస్తుంటే పేలి ప్రాణం పోయింది. అది ప్రమాదం. ఆ సంగతి మళ్ళీ తవ్వను.

ఈ ఉత్తరం చదివి పొయ్యిలో వేయండి. మామయ్యగారికి మాత్రం చూపించకండి. ఆయన మరీ మంచివారు, ఆ మంచితనంతోనే నాకు భయం. పిల్లకు నా ముద్దులు. అది ఎవరి పోలికైనా ఫరవాలేదు, మా తమ్ముడి పోలిక మాత్రం రాకూడదు.

ఇట్లు,
మీ ఆశీస్సులు కోరే
వెంకటేశ్వరమ్మ.


ప్రత్తిపాడు,
4-3-1962, ఆదివారం ఉదయం.

రమణమ్మ అత్తయ్యగారికి వెంకటేశ్వరమ్మ నమస్కారాలు. ఈసారి కులాసాలు రాయను. అక్షరాలు వంకరగా ఉన్నాయని విసుక్కోకుండా చివరిదాకా చదవండి. కుడిచేతి రెండు వేళ్ళకు కట్టు ఉంది, మిగిలిన వేళ్ళతో కలం పట్టుకుని రాస్తున్నాను. చలమయ్య ప్రయాణానికి ఎద్దులకు నాడాలు వేయించడానికి వెళ్ళాడు. వచ్చేలోగా పూర్తి చెయ్యాలి. ఖుర్షిదా నా గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఈ కాగితాలు గాజుల మలారంలో పెట్టుకుని, పసిపిల్లకు నల్లగాజులు తొడిగే వంకతో మీ ఇంటికి వస్తుంది. మీ చేతికే ఇస్తుంది. పోస్టులో వేస్తే ఏమవుతుందో ఒకసారి చూశాం.

నా మొదటి ఉత్తరం మీరు పొయ్యిలో వేయలేదు. లేదా వేసేలోపే మామయ్యగారు చూశారు. మిమ్మల్ని తప్పుపట్టను. ముప్పై ఏళ్ళ కాపరంలో మొగుడి దగ్గర ఏదీ దాచనిదానికి ఒక్క ఉత్తరం దాచడం చేతకాదు. మామయ్యగారు పోయిన నెల పందొమ్మిదిన మా ఊరు వచ్చారు. చలమయ్యను మునసబు బాపయ్యగారి అరుగు మీదికి పిలిపించి, నలుగురు పెద్దమనుషుల ముందు ఆ ఉత్తరం అల్లుడి చేతిలోనే పెట్టారు. నాయనా, ఇట్లా రాసి ఉంది, ఇంటి పరువు సంగతి, నీ నోటితో నువ్వే ఏమిటో చెప్పు అన్నారట. అల్లుడి మీద పితూరీ వస్తే అల్లుడికే చూపించడం మర్యాద అని ఆయన అనుకున్నారు. చాటుగా విచారిస్తే అల్లుడిని అవమానించినట్టని అనుకున్నారు. మార్టూరు పానకాలుగారంటే పెద్దమనిషి అని మా ఊరంతా ఆయన్ని మెచ్చుకుంది.

చలమయ్య ఉత్తరం మొత్తం చదివి మామయ్యగారి కాళ్ళకు దణ్ణం పెట్టాడట. కోపంలో ఒకటి రెండు మాటలు అని ఉంటాను, ఇంకెప్పుడూ అలా జరగదు అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. అప్పుడు బాపయ్యగారు కల్పించుకుని, ఏరా చలమయ్యా, మగాడివి ఏడుస్తావేంట్రా, మొగుడు వదిలేసిన ఆడది పచ్చగా ఉన్న కాపరం చూసి ఓర్చుకోలేక రాసింది, ఆ మాత్రం తెలీదా మాకు అన్నాడట. అందరూ నవ్వారట. మామయ్యగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, అక్కడే పంచాంగం తెప్పించి, మార్చి ఎనిమిది గురువారం బాగుందని పార్వతిని పంపడానికి ముహూర్తం పెట్టించారు. ఇవన్నీ నాకు చలమయ్యే చెప్పాడు. ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు.

చెప్పి, నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచాడు. ఈ చేత్తోనే కదక్కా రాశావు అన్నాడు. నా కుడిచెయ్యి పట్టుకుని తలుపు సందులో పెట్టి తలుపు వేశాడు. అరవలేదు, తిట్టలేదు. తరవాత తనే కట్టు కట్టించడానికి తీసుకెళ్ళాడు. గాలికి తలుపు కొట్టుకుందని అక్కడ నేనే చెప్పాను. ఇలాంటి అబద్ధాలు చెప్పి చెప్పి నాకు బాగా అలవాటైపోయింది అత్తయ్యగారూ.

అష్టగ్రహాలు కలిశాయి, విడిపోయాయి. లోకం మునగలేదు. ఎలక్షన్లు కూడా అయిపోయాయి. మా ఇంటి గ్రహం సంగతి ఇప్పుడు చెబుతాను. ఓట్ల లెక్క కాకముందే చలమయ్య పెట్టెలోంచి ఆ స్టేషను రసీదు నేను తీసేశాను. పొయ్యిలో వేశాను. రసీదు లేనిదే తుపాకి ఇవ్వరనీ, ఇవ్వకపోతే ఒక ఏడాదైనా అది అక్కడే పడి ఉంటుందనీ నా వెర్రి ఆశ. చలమయ్య రసీదు కోసం ఇల్లంతా వెదికాడు. తెలియదన్నాను. నవ్వి ఊరుకున్నాడు. నేరుగా బాపయ్యగారి దగ్గరికి పోయి, రసీదు పోయిందనీ, ఇతను సౌమ్యుడనీ, పెద్ద ఇంటి మనిషనీ కాగితం రాయించుకున్నాడు. నా ఉత్తరం చదివి పదిరోజులైనా కాలేదు, ఆ పెద్దమనిషే సౌమ్యుడని రాసి సంతకం పెట్టాడు. అడిగితే లేదనడం ఆయనకు చేతకాదు. ఊళ్ళో రేపు మొహం మొహం చూసుకోవాలి కదా అంటాడు. మునసబు కాగితం చూసి స్టేషనువాళ్ళు మారు మాట్లాడలేదు. మొన్న శుక్రవారం తుపాకి ఇంటికి వచ్చింది.

అదే రోజు చలమయ్య గుంటూరు వెళ్ళి కొత్త తూటాలు తెచ్చాడు. ఈ సంగతి మామయ్యగారికి మరీ మరీ చెప్పండి. మా కల్లంలో కాయలన్నీ బస్తాలకెత్తి పది రోజుల క్రితమే గుంటూరు తోలేశాం. కల్లం ఊడ్చేసి ఖాళీగా ఉంది. కాపలా కాయడానికి ఒక్క మిరపకాయ లేదు. మరి కొత్త తూటాలు ఎవరికోసం అత్తయ్యగారూ?

శుక్రవారం నుంచి రోజూ శుభ్రం చేస్తున్నాడు. ఇదివరకు వారానికోసారి చేసేవాడు. గోడకున్న మేకు తీసి పడకగదిలో మంచం తలవైపు కొట్టాడు. పార్వతి నన్ను వదిలి ఏడు నెలలు ఉండగలిగిందక్కా, ఉండడం నేర్చుకుంది అన్నాడు నిన్న. ఈసారి వచ్చిందంటే ఇంకెక్కడికీ పోదు అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడో! వాడు అరిచినప్పుడు నాకు ఇంత భయం వేయలేదు.

ఇప్పుడు నాంచారమ్మ సంగతి రాస్తాను. మొదటి ఉత్తరంలో అది ప్రమాదం అని రాశాను. ఏడేళ్ళుగా అందరితో అదే చెప్పాను. అది ప్రమాదం కాదు.

యాభై అయిదు ఎలక్షన్లప్పుడు కూడా ఇంతే జరిగింది. నాంచారమ్మ పుట్టింట్లో ఉంది, తుపాకి స్టేషనులో ఉంది, చలమయ్య వెన్నముద్దలా ఉన్నాడు. ఎలక్షన్లయ్యాక నాంచారమ్మా వచ్చింది, తుపాకీ వచ్చింది. నాలుగో రోజు మధ్యాహ్నం నేను పెరట్లో పిడకలు తిరగేస్తున్నాను. అక్క కూతురి ఓణీల వేడుకకు ఒక పూట పోయి వస్తానని నాంచారమ్మ అడగడం వినపడింది. జవాబు వినపడలేదు. తుపాకి చప్పుడు వినపడింది. నేను లోపలికి వెళ్ళేసరికి ఆ పిల్ల గోడకు చేరగిలబడి ఉంది. చలమయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరవకముందే, అక్కా, శుభ్రం చేస్తుంటే పేలింది అన్నాడు. శుభ్రం చేసే గుడ్డ గూట్లో మడతపెట్టి ఉంది. నూనె డబ్బాకు మూత బిగించి ఉంది. నేను రెండూ చూశాను. నేను చూడడం వాడూ చూశాడు.

ఆ డబ్బా ఇటు తే అక్కా అన్నాడు. తెచ్చాను. మూత తీసి, గుడ్డ తడిపి, వాడి పక్కన పెట్టాను. నా చేతులతోనే పెట్టాను. పోలీసులు వచ్చి శవపంచాయతీ చేసినప్పుడు, తుపాకి తుడుస్తుండగా చేయి తగిలి పేలింది, నేను గుమ్మంలోంచి చూశాను అని చెప్పి సంతకం పెట్టాను. పోయినది ఎలాగూ పోయింది, ఉన్నవాడిని ఉరికెక్కిస్తే ఏం వస్తుంది అని బాపయ్యగారు నాకు నచ్చజెప్పారు. నాకు నచ్చజెప్పనక్కర్లేదు. తమ్ముడు జైలుకు పోతే నా గతేమిటి అని అప్పటికే లెక్క వేసుకున్నాను. నాంచారమ్మ పాతికేళ్ళ పిల్ల. నన్ను వదినా వదినా అని పిలిచేది. తలకు నూనె పెట్టేది. ఆ పిల్ల మొహం తలుచుకోకుండా ఉండడానికే నేను అందరి మీదా నోరు పారేసుకుంటానేమో. మీ అరిసెలు బాగానే ఉన్నాయి, నాకు ఏదీ రుచించదు.

ఇప్పుడు ఏం చెయ్యాలో చెబుతాను. ఈ ఉత్తరం ఈసారి మామయ్యగారికి చూపించండి. ఇది అల్లుడి చేతికి ఇచ్చే ఉత్తరం కాదనీ, గుంటూరులో పోలీసు పెద్ద ఆఫీసరుకు ఇవ్వాల్సిందనీ చెప్పండి. నేను పూర్తి పేరుతో సంతకం పెడుతున్నాను. మా స్టేషనుకు మాత్రం తీసుకురాకండి, బాపయ్యగారికి తెలియకుండా అక్కడ గాలి కూడా కదలదు. ఏ ఆఫీసరు అడిగినా ఈ మాటలే చెబుతాను. అబద్ధం చెప్పినందుకు నన్ను జైల్లో పెడితే పెట్టనివ్వండి. అక్కడైనా రెండు పూటలా అన్నం పెడతారట.

పార్వతిని, పిల్లను బుధవారం లోపలే ఇల్లు దాటించండి. దూరంగా, చలమయ్యకు తెలియని చుట్టాల ఊరు పంపండి. చీరాలలో మీకు తెలిసిన నేతపనివాళ్ళున్నారని పార్వతి చెప్పేది. అలాంటి చోటు వాడికి తట్టదు. గురువారం వాడు వచ్చేటప్పటికి గుమ్మంలో నలుగురు మగవాళ్ళు ఉండాలి. బండిలో గడ్డికింద ఏముందో చూడందే లోపలికి రానివ్వకండి. ఏడుస్తాడు, కాళ్ళమీద పడతాడు, ఉయ్యాల తెచ్చానని చూపిస్తాడు. ఉయ్యాల బాగా చేయించాడు, చిలకలు కూడా చెక్కించాడు. తీసుకుని వాడిని పంపించెయ్యండి.

పార్వతి తనంతట తానే వెళ్తానని పట్టుబట్టవచ్చు. తిట్టకండి. ఆ పిల్లకు వాడంటే భయమూ ఉంది, జాలీ ఉంది. తను పోకపోతే మీ ఇంటిమీదికి వస్తాడనీ, మీకేదైనా అవుతుందనీ భయపడుతుంది. పక్కన కూర్చోబెట్టుకుని ఈ ఉత్తరం చదివి వినిపించండి. నాంచారమ్మ సంగతి ఆ పిల్లకు ఇంతవరకు నేను చెప్పలేదు. రెండేళ్ళు ఒకే కంచం దగ్గర కూర్చుని కూడా చెప్పలేదు.

ఖుర్షిదా తొందరపెడుతోంది. అమ్మా, ఎండెక్కితే బస్సు పోతుంది, ఇంక చాలు, నేను చూసుకుంటాలే అంటోంది. ఈ ఊళ్ళో నన్ను నమ్మిన మనిషి ఆమె ఒక్కతే. ఆమెకు కడుపునిండా అన్నం పెట్టి పంపండి.

ఇట్లు,
గోరంట్ల వెంకటేశ్వరమ్మ,
గోరంట్ల చలమయ్యకు తోడబుట్టినది.

తా.క. సంతకం పెట్టి కూడా కాగితం మడవలేకపోతున్నాను. దాచిన మాట ఇంకొకటి ఉంది. నాంచారమ్మా వచ్చింది అని పైన రాశాను. ఆమె తనంతట రాలేదు. ఆమెను తీసుకొచ్చింది నేను.

ఆమె పుట్టిల్లు చీమకుర్తి. వాళ్ళ అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి పంపనంది. నేను ఆవిడ చేతిలో చెయ్యివేసి నాది పూచీ అన్నాను. నాంచారమ్మ గాదె వెనక దాక్కుని, వద్దు వదినా, చంపేస్తాడు అని ఏడ్చింది. చంపుతానన్న మగాడు ఎవడైనా చంపాడా పిచ్చిదానా అని నవ్వి, దాని చీరలు నేనే మూట కట్టాను. తమ్ముడి మీద ప్రేమకొద్దీ ఆ పని చేశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ప్రేమా లేదు, పాడూ లేదు. ఆమె పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ వాడి చేతికి దొరికిన ఆడది నేనొక్కతెనే. తట్టుకోలేక, నా బదులు ఆమెను తెచ్చి పెట్టాను.

గురువారం బండిలో నేనూ వస్తున్నాను. పసుపు కుంకుమలు పట్టుకుని, ఆడబిడ్డ పిలవాలి కదా అని వాడు నన్ను వెంట తెస్తున్నాడు. ఇవాళ ఖుర్షిదా ఎదురుగా కూర్చుని ధైర్యంగా రాస్తున్నాను. వాడు పక్కన నిలబడితే నాకు ఈ ధైర్యం ఉండదు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఈ ఉత్తరం నేను రాయలేదని ఒట్టు వేస్తాను. పార్వతి ఎక్కడుందో చెప్పమని మీ కాళ్ళు పట్టుకుంటాను. చెప్పకపోతే ఇంటికి వెళ్ళాక నన్ను చంపేస్తాడని ఏడుస్తాను. అత్తయ్యగారూ, ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. అయినా చెప్పకండి.